సంస్థలో ఒకరికి తెలిసింది మరొకరికి ఎందుకు చేరదు? ఎప్పుడు చేరుతుంది?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెప్తాను. నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకు తెలుస్తుంది. నాలుగు వందల మంది పనిచేసే తయారీ సంస్థలో మీరు క్వాలిటీ విభాగం చూస్తున్నారు. ఏడాది కిందట నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ కోసం, అంటే ఒకరికి తెలిసింది మిగతావాళ్లకూ అందేలా చూడటానికి, ఒక సాఫ్ట్‌వేర్ కొన్నారు. ప్రతి విభాగం నెలకు పది డాక్యుమెంట్లు అందులో పెట్టాలని ఉత్తర్వు వేశారు. డాక్యుమెంట్లు పోగయ్యాయి, తెరిచి చూసేవాళ్లు లేరు. ఈలోగా ఇద్దరు సీనియర్లు ఆరు నెలల్లో రిటైర్ అవుతున్నారు, వాళ్లు వెళ్లిపోయాక ఏం మిగులుతుందోనని టెన్షన్‌గా ఉంది. ఇలాంటి ప్రయత్నానికి ఏవి తోడ్పడతాయి, ఏవి అడ్డుపడతాయి అని అడిగారు.

నేను పదకొండేళ్లు మెయింటెనెన్స్‌లో పనిచేశాను. ఆ తర్వాత పద్నాలుగేళ్లుగా వేర్వేరు సంస్థల్లో ఈ పనే చూస్తున్నాను. మీ పరిస్థితి నాకు బాగా తెలుసు, ఎందుకంటే మొదటి మూడేళ్లు నేనూ అచ్చం అలాగే చేశాను. మీ ఉద్దేశంలో లోపం లేదు. చూపు మాత్రం ఒక వైపే ఉంది. తెలిసినవాళ్ల దగ్గర్నుంచి ఎలా రాబట్టాలి, రాబట్టింది ఎక్కడ భద్రం చేయాలి అన్నదే ఆలోచించారు. తెలియనివాడు ఎప్పుడు, ఎవరిని, ఏమని అడుగుతాడు, అడిగితే అతనికి ఏమవుతుంది అన్నది ఎవరూ చూడలేదు. సంస్థల్లో జ్ఞానం ప్రశ్న వెంటే కదులుతుందని నా అనుభవం. అందుకే మీరడిగిన అంశాలన్నీ ఆ ప్రశ్న చుట్టూనే చెప్తాను.

ముందు ఒక చిక్కు విప్పుకోవాలి. డాక్యుమెంట్ రాసి పెట్టమన్నప్పుడు, మనిషికి తెలిసిందంతా కాగితం మీదకు వచ్చేస్తుందని మనం అనుకుంటాం. రాదు. మనిషి తాను చెప్పగలిగిన దానికంటే ఎక్కువే తెలిసి ఉంటాడని మైకేల్ పొలాన్యి అనే తత్వవేత్త 1960ల్లోనే వివరించాడు. తెలిసిన మొహాన్ని ఎంత గుంపులోనైనా గుర్తుపడతాం, ఎలా గుర్తుపట్టావంటే చెప్పలేం. నేను మెయింటెనెన్స్‌లో చేరిన కొత్తలో మా ఫోర్‌మన్ పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను బేరింగ్ హౌసింగ్‌కి ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుని, "ఇది ఇంకో రెండు వారాలు తిరుగుతుంది, ఆ రెండోది మాత్రం ఈ రాత్రికే ఆపాలి" అనేవారు. ఎలా తెలిసిందండీ అంటే, "శబ్దం తేడాగా ఉంది కదయ్యా" అనేవారు. నాకు ఆ తేడా వినపడేది కాదు. ఆయన ఏమీ దాచలేదు. అంతకు మించి చెప్పడానికి ఆయన దగ్గర మాటలు లేవు. ఏడాది పాటు ఆయన పక్కనే నిలబడి, ఆయన విన్నాక నేనూ విని, విప్పి తీసిన బేరింగ్‌ను చేత్తో తడిమి చూశాక గానీ నా చెవికి ఆ తేడా పట్టుబడలేదు.

ఈ రంగంలో అందరూ చెప్పుకునే ఒక ఉదాహరణ జపాన్‌లోని మత్సుషిత కంపెనీది. ఇకుజిరో నొనాకా అనే మేనేజ్‌మెంట్ పండితుడు రాయడంతో అది ప్రపంచానికి తెలిసింది. ఇంట్లోనే బ్రెడ్ చేసుకునే యంత్రం తయారుచేయాలని 1985లో వాళ్లు తంటాలు పడుతున్నారు. బ్రెడ్ పైన మాడిపోయేది, లోపల పచ్చిగా ఉండేది. యంత్రం కలిపిన పిండికీ, వంటవాడు కలిపిన పిండికీ ఎక్స్‌రేలు తీసి మరీ పోల్చి చూశారు. అయినా అంతుపట్టలేదు. చివరికి ఇకుకో తనాకా అనే సాఫ్ట్‌వేర్ డెవలపర్ ఒసాకా ఇంటర్నేషనల్ హోటల్లో బ్రెడ్ చేసే పెద్ద వంటవాడి దగ్గర శిష్యరికం చేసింది. ఆయన పిండిని సాగదీస్తూ మెలితిప్పుతున్నాడని గమనించింది. ఆ మెలి రావడానికి యంత్రం లోపల గట్లు పెట్టారు, 1987లో యంత్రం మార్కెట్‌లోకి వచ్చింది. నీ పద్ధతి రాసివ్వమని ఆ వంటవాడిని అడిగి ఉంటే మెలి సంగతి అందులో ఉండేదా? ఉండేది కాదనే నా నమ్మకం. చేతికి అలవాటైపోయిన పని చెప్పాల్సిన విషయంగా తోచదు.

చేసేవాళ్లకే తెలియని సంగతి కూడా ఒకటి ఉంటుంది. అమెరికా అణ్వాయుధాల్లో వాడే ఫాగ్‌బ్యాంక్ అనే పదార్థం తయారీ 1989లో ఆగిపోయింది. 2000 తర్వాత డబ్ల్యూ76 రకం ఆయుధాల ఆయుష్షు పెంచడానికి అది మళ్లీ కావలసి వచ్చింది. చూస్తే, తయారీ గురించి రాసి ఉంచింది చాలా తక్కువ, తెలిసినవాళ్లు దాదాపు అందరూ రిటైరై వెళ్లిపోయారు. ఆ దేశ ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2009లో ఇచ్చిన నివేదికలో దీన్ని ఎత్తిచూపింది. పని కనీసం ఏడాది వెనకబడింది. అసలు విషయం ఆ తర్వాత బయటపడింది. పాత పద్ధతిలో ముడిపదార్థంతో పాటు వచ్చే ఒక మలినం వల్లే ఆ పదార్థానికి కావలసిన గుణం వచ్చేది. కొత్త పద్ధతిలో ముడిపదార్థం మరింత శుభ్రంగా వస్తోంది కాబట్టి ఫలితం చెడిపోయింది. ఆ మలినం పాత్ర పాతవాళ్లకే తెలియదు. వాళ్లందరిచేతా వెయ్యి పేజీలు రాయించి ఉన్నా అందులో ఆ మాట ఉండేది కాదు.

ఇదంతా చెప్పింది డాక్యుమెంట్లు దండగ అనడానికి కాదు. రోజూ ఒకేలా చేసే పని, తప్పితే ప్రమాదం జరిగే పని, కొలతలు, సెట్టింగులు, ఎవరు ఏం మార్చారు, ఎందుకు మార్చారు, ఇవన్నీ రాసే ఉంచాలి. ముఖ్యంగా "ఎందుకు" అన్నది. నేను చూసిన ప్రతి సంస్థలోనూ ఏం చేయాలో రాసి ఉంటుంది, ఎందుకు చేయాలో ఉండదు. కొత్తగా వచ్చినవాళ్లు కారణం తెలియక ఆ మెట్టును తీసేస్తారు, రెండేళ్లకు పాత సమస్య తిరిగొస్తుంది. హాన్సెన్, నోరియా, టియర్నీ అనే ముగ్గురు 1999లో కన్సల్టింగ్ సంస్థలను పరిశీలించి, జ్ఞానాన్ని రాసి పంచుకునే దారి ఒకటి, మనిషి నుంచి మనిషికి పంచుకునే దారి ఒకటి ఉన్నాయని, రెండింటినీ సమానంగా పట్టుకున్న సంస్థలు ఇబ్బంది పడ్డాయని చెప్పారు. ఒకదాన్ని ప్రధానంగా, రెండోదాన్ని తోడుగా ఉంచుకోమన్నారు. మీది రకరకాల యంత్రాలతో, రోజుకో కొత్త సమస్యతో నడిచే చోటు కాబట్టి మనుషుల దారే ప్రధానం అవ్వాలని నా అభిప్రాయం. మీరు డబ్బంతా మొదటి దారిలో పెట్టారు.

ఇక అందరూ ముందు అనే మాట: "సీనియర్లు దాచుకుంటారండీ, చెప్పరు." దాచుకునేవాళ్లు ఉంటారు, కాదనను. దీని మీద 2012లో వచ్చిన ఒక పరిశోధన దాచడాన్ని మూడు రకాలుగా విడదీసింది. చెప్తానని మాట దాటేయడం, తెలియనట్టు నటించడం, ఫలానా కారణంగా చెప్పలేనని సాకు చూపడం. మూడింటి వెనకా ఎక్కువగా కనపడింది అడిగిన మనిషి మీద నమ్మకం లేకపోవడమే. ఉద్యోగ భయం ఉన్న చోట ఇది మరీ ఎక్కువ. తనకు తెలిసిందంతా చెప్పేస్తే రేపు తన అవసరం ఉండదనుకునే మనిషిని తప్పుపట్టలేం. ఆ భయం నిజమా కాదా అన్నది మీ యాజమాన్యం గతంలో ఏం చేసిందన్న దాని మీద ఉంటుంది. నేర్పినవాణ్ణి నేర్పాక ఇంటికి పంపిన సంస్థలో ఆ సంగతి పదేళ్ల వరకూ ఎవరూ మరిచిపోరు.

అయినా దాచుకోవడం అసలు అడ్డంకి అని నేను అనుకోను. ఇది నా ఒక్కడి మాట కాదు. గాబ్రియేల్ షులాన్‌స్కీ అనే పరిశోధకుడు 1996లో, ఎనిమిది కంపెనీల్లో మంచి పద్ధతులను ఒక విభాగం నుంచి మరో విభాగానికి తీసుకెళ్లిన 122 సందర్భాల మీద చేసిన పరిశీలనను ప్రచురించాడు. మనుషులకు ఇష్టం లేకపోవడమే అడ్డు అని అప్పటివరకూ అందరూ అనుకునేవారు. ఆయనకు ముందు వరసలో కనపడినవి వేరే మూడు. తీసుకునేవాళ్లకు దాన్ని అందుకునేంత ముందస్తు పరిజ్ఞానం లేకపోవడం. ఆ పద్ధతి ఎందుకు పనిచేస్తోందో ఇచ్చేవాళ్లకే స్పష్టంగా తెలియకపోవడం. ఇచ్చేవాళ్లకూ తీసుకునేవాళ్లకూ మధ్య సంబంధం సాఫీగా లేకపోవడం. మీ సంస్థలో ఈ మూడింటినీ ఒక్కొక్కటిగా వెతికి చూడండి. ఉదాహరణకు, ప్రొడక్షన్‌కూ మెయింటెనెన్స్‌కూ మాటలు సరిగ్గా లేకపోతే, ఎంత మంచి సాఫ్ట్‌వేర్ తెచ్చినా ఒకరి డాక్యుమెంట్ మరొకరు తెరవరు.

ఇప్పుడు నాకు అన్నింటికంటే ముఖ్యమైన సంగతికి వస్తాను. అది అడగడానికి భయం.

నేను షిఫ్ట్ ఇన్‌చార్జిగా ఉన్న రోజుల్లో ఒక కొత్త ఆపరేటర్ రాత్రి షిఫ్ట్‌లో పంపు దగ్గర అలారం రెండుసార్లు మోగితే రీసెట్ చేసి ఊరుకున్నాడు. తెల్లవారుజామున పంపు పట్టేసింది, లైన్ రోజున్నర ఆగింది. ఎందుకు ఫోన్ చేయలేదని విచారణలో అడిగారు. చాలాసేపు తల వంచుకుని ఉండి, "వారం కిందట ఇలాగే ఫోన్ చేస్తే, ఈ మాత్రం కూడా తెలియదా అన్నారు సార్" అన్నాడు. ఆ మాట అన్నది నేనే. నిద్ర మధ్యలో, విసుగులో నోరుజారిన ఒక్క మాట. ఆ కుర్రాడి ముందు ఆరోజు నేను పడ్డ సిగ్గు ఇప్పటికీ గుర్తుంది. నేను ఈ పనిలోకి మారడానికి ఒక కారణం అదే.

ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990ల్లో ఆస్పత్రి విభాగాల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను పరిశీలించింది. బాగా నడిచే విభాగాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. లెక్కల్లో అక్కడే ఎక్కువ నమోదయ్యాయి. తరచి చూస్తే, ఆ విభాగాల్లో మనుషులు జరిగిన పొరపాటును బయటికి చెప్పగలుగుతున్నారు, మిగతా చోట్ల నోరు మెదపడం లేదు అన్నదే దానికి సరైన వివరణగా తోచింది. మాట్లాడితే అవమానం జరగదన్న ధీమా జట్టులో ఉంటేనే నేర్చుకోవడం జరుగుతుందని ఆమె 1999లో విస్తరించి చూపించింది. మీ చోట దీన్ని కనిపెట్టడం తేలిక. వరసగా నాలుగు మీటింగుల్లో కూర్చుని, "నాకు ఇది అర్థం కాలేదు" అన్న మాట ఎన్నిసార్లు వినపడిందో, అన్న వెంటనే పెద్దవాళ్ల మొహం ఎలా మారిందో గమనించండి. ఒక్కసారి కూడా ఎవరూ అనకపోతే అక్కడ అందరికీ అన్నీ తెలుసని అర్థం కాదు.

దీన్ని మార్చడానికి శిక్షణ తరగతులు పెద్దగా పనికిరావని నా అనుభవం. పైవాళ్లు నలుగురిలో తమకు తెలియనిది అడగడం మొదలుపెడితే మారుతుంది. ఒక ఫ్యాక్టరీ హెడ్ ప్రతి సోమవారం లైన్ దగ్గరికి వెళ్లి, ఒక ఆపరేటర్‌ను "ఈ యంత్రం గురించి నాకు తెలియనిది ఒకటి చెప్పండి" అని అడిగేవారు. నిలబడి వినేవారు, మధ్యలో సరిదిద్దేవారు కాదు. మొదటి నెల ఆపరేటర్లు ఇబ్బంది పడ్డారు. ఆరో నెలకు, సోమవారం ఏం చెప్పాలో ముందే అనుకుని ఎదురుచూసేవారు. సాఫ్ట్‌వేర్ చేయలేని పని ఆ పది నిమిషాలు చేశాయి.

భయం తర్వాత తీరిక. జిరాక్స్ కంపెనీలో జూలియన్ ఓర్ అనే మానవశాస్త్రవేత్త 1980ల్లో ఫొటోకాపీ యంత్రాలు బాగుచేసే టెక్నీషియన్ల వెంట తిరిగాడు. యంత్రం చెడితే మాన్యువల్‌లో ఉన్న మెట్లు పాటించాలని కంపెనీ అనుకునేది. చాలా యంత్రాలు మాన్యువల్‌లో ఉన్నట్టు చెడేవి కావు. టెక్నీషియన్లు ఉదయం టిఫిన్ దగ్గర, మధ్యాహ్నం భోజనం దగ్గర కలిసి తాము ఎదుర్కొన్న వింత కేసులు కథలుగా చెప్పుకునేవారు. పని నిజంగా నేర్చుకునేది అక్కడే. పైనుంచి చూసే మేనేజరుకు అది సమయం వృథాగా కనపడుతుంది. ఈ సంగతి తెలిశాక జిరాక్స్ యురేకా అనే పద్ధతి పెట్టింది, అది మొదట ఫ్రాన్స్‌లో మొదలైంది. టెక్నీషియన్ తాను కనుక్కున్న చిట్కా రాసి పంపితే, తోటి నిపుణులు పరీక్షించి సరైనదని తేల్చాకే అందరికీ చేరుతుంది, దాని మీద రాసినవాడి పేరు ఉంటుంది. చిట్కాకు డబ్బు ఇవ్వాలన్న ఆలోచన వస్తే టెక్నీషియన్లే వద్దని, పేరు ఉంటే చాలన్నారు. తోటివాళ్లలో పేరు, తోటివాళ్ల తనిఖీ, రేపు తనకే పనికొస్తుందన్న నమ్మకం. ఈ మూడూ లేకుండా పై నుంచి దిగిన వ్యవస్థ నిలబడటం నేను చూడలేదు.

మీ నెలకు పది డాక్యుమెంట్ల ఉత్తర్వుకు వస్తే, నేనూ ఒక చోట ఇలాంటిదే పెట్టాను, నోట్‌కు ఇన్ని పాయింట్లని. మూడు నెలల్లో వందల నోట్లు వచ్చాయి. అన్నీ కూర్చుని చదివాను. మాన్యువల్‌లోంచి ఎత్తి రాసినవి, ఒకే విషయాన్ని మూడు ముక్కలు చేసినవి, పక్క విభాగం నోట్‌కే తేదీ మార్చినవి ఎక్కువ. ఒక సూపర్‌వైజర్‌కు మాత్రం, ట్యాంకు వేడినీళ్లతో కడిగిన మర్నాడే సీల్స్ ఎందుకు కారుతున్నాయో తెలుసు. ఆయన ఏమీ రాయలేదు. ఎందుకండీ అంటే, "పాయింట్ల కోసం రాస్తున్నానని అనుకుంటారని" అన్నారు. లెక్క పెట్టిన చోట లెక్కకు సరిపడా మాత్రమే వస్తుంది. పైగా చెత్త పెరిగేకొద్దీ వెతికేవాడికి విసుగు పుడుతుంది. రెండుసార్లు వెతికి దొరక్కపోతే మూడోసారి అతను ఆ పేజీ తెరవడు.

సాఫ్ట్‌వేర్ గురించి కొద్దిగానే చెప్తాను, ఎందుకంటే అది అంత పెద్ద విషయం కాదు. వెతికితే దొరకాలి, అది కూడా జనం వాడే మాటతో. లైన్ దగ్గర అందరూ "నల్ల పైపు" అనేదాన్ని డాక్యుమెంట్‌లో పార్ట్ నంబరుతో రాస్తే ఎవరికీ దొరకదు. ప్రతి డాక్యుమెంట్‌కూ ఒక బాధ్యుడి పేరు, చివరిసారి సరిచూసిన తేదీ ఉండాలి. ఏడాదికోసారి బాధ్యుడు సరేననకపోతే దాన్ని పక్కన పెట్టేయాలి. పాతబడిన సూచన ఏ సూచనా లేకపోవడం కంటే ప్రమాదం. వీటికంటే ముందు, ఏ విషయం ఎవరిని అడగాలో చెప్పే ఒక్క పేజీ జాబితా పెట్టండి. చాలా చోట్ల దానికే ఎక్కువ వాడకం ఉంటుంది. ఆడిట్ కోసమైతే, నాణ్యతకు సంబంధించిన ఐఎస్ఓ 9001 అనే అంతర్జాతీయ ప్రమాణంలో 2015 నుంచి సంస్థ జ్ఞానం గురించి ప్రత్యేకంగా ఒక అంశం ఉంది, 2018లో ఐఎస్ఓ 30401 అని దీనికే ఒక ప్రమాణం వచ్చింది. అవి చదవండి, మంచివే. కానీ ఆడిటర్‌కు చూపడానికని మొదలుపెట్టినది ఆడిట్‌తోనే ఆగిపోతుంది.

మీరు పాఠాల రిజిస్టర్ గురించి కూడా అడిగారు. ప్రాజెక్టు అయ్యాక ఏం నేర్చుకున్నామో రాస్తున్నారు, మళ్లీ అవే తప్పులు జరుగుతున్నాయి అన్నారు. ఇది మీ ఒక్కరి బాధ కాదు. అంతరిక్ష సంస్థ నాసాకు పాఠాలు భద్రపరిచే పెద్ద వ్యవస్థే ఉండేది. 1999లో అంగారక యాత్రలు విఫలమయ్యాక ప్రభుత్వ ఆడిటర్లు పరిశీలించి, పాఠాలు సేకరించడం, పంచుకోవడం మేనేజర్లకు అలవాటుగా లేదని 2002లో చెప్పారు. మరుసటి ఏడాదే కొలంబియా వ్యోమనౌక కూలింది. 1986లో ఛాలెంజర్ ప్రమాదం నాటి లోపాలే మళ్లీ కనపడుతున్నాయని ఆ విచారణ సంఘం రాసింది. పాఠాన్ని అల్మారాలో పెడితే ఎవరో గుర్తుంచుకుని వచ్చి తీయాలి, ఎవరూ రారు. పాఠం పని జరిగే చోటికి రావాలి. చెక్‌లిస్ట్‌లో ఒక కొత్త గీతగా, డ్రాయింగ్‌లో ఒక మార్పుగా, కొనుగోలు ఆర్డర్‌లో ఒక షరతుగా. అలా మార్చలేని పాఠాన్ని నేను పాఠంగా లెక్కపెట్టను.

అమెరికా సైన్యం 1970ల నుంచి ఒక చిన్న పద్ధతి వాడుతోంది. ప్రతి విన్యాసం అవ్వగానే అందులో ఉన్నవాళ్లంతా అక్కడే కూర్చుని నాలుగు ప్రశ్నలు వేసుకుంటారు. ఏం జరగాలనుకున్నాం? ఏం జరిగింది? తేడా ఎందుకు వచ్చింది? వచ్చేసారి ఏం చేద్దాం? హోదాతో పనిలేదు, సిపాయి కూడా అధికారి నిర్ణయాన్ని ప్రశ్నించవచ్చు. షట్‌డౌన్ పని అయిన రోజే అరగంట ఇలా కూర్చుంటే, నెల తర్వాత రాసే ఇరవై పేజీల నివేదిక కంటే మేలు. తప్పెవరిదన్న మాట ఆ అరగంటలోకి వచ్చిందంటే మాత్రం మర్నాటి నుంచి నిజం చెప్పేవాళ్లుండరు. దీన్ని నడిపే మనిషిని జాగ్రత్తగా ఎంచుకోండి.

పని అయ్యాక కంటే పనికి ముందు అడగడం ఇంకా విలువైనది. బ్రిటిష్ పెట్రోలియం 1990ల్లో దీన్నొక అలవాటుగా చేసింది. కొత్త పని మొదలుపెట్టే జట్టు, అలాంటి పని ఇదివరకు చేసిన వేరే జట్టువాళ్లను ఒకటి రెండు రోజులు పిలిచి, తమ ప్రణాళిక ముందు పెట్టి, "దీంట్లో మేం చూడనిది ఏమిటి?" అని అడుగుతుంది. వచ్చేవాళ్లు తోటి స్థాయివాళ్లే. పైఅధికారి పరీక్షించడానికి వచ్చినట్టు ఉండదు. ఇక్కడ ప్రశ్న సిద్ధంగా ఉంది, అడిగేవాళ్లకు అవసరం ఉంది, చెప్పేవాళ్లకు గౌరవం ఉంది. నాకు ఈ పద్ధతి అంటే చాలా ఇష్టం. మీరు ఒక్కటే మొదలుపెట్టగలిగితే దీన్నే పెట్టమంటాను.

దూరం కూడా ఒక అడ్డే. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో థామస్ అలెన్ అనే ప్రొఫెసర్ 1970ల్లో ఇంజనీర్ల మధ్య మాటలను లెక్కించి, కూర్చునే చోటు దూరమయ్యేకొద్దీ మాట్లాడుకోవడం బాగా పడిపోతుందని, 50 మీటర్లు దాటితే దాదాపు అడుగంటుతుందని చూపించాడు. మీ డిజైన్ విభాగం వేరే భవనంలో ఉందన్నారు కదా, వారానికి ఒక పూట ఇద్దరిని షాప్ ఫ్లోర్ దగ్గర కూర్చోబెట్టి చూడండి. కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ల సంగతి కూడా మరవకండి. చాలా చోట్ల యంత్రం పక్కన రోజంతా ఉండేది వాళ్లే, ఏ మీటింగుకీ పిలవనిదీ వాళ్లనే.

ఇక మీ ఇద్దరు సీనియర్లు. ఆరు నెలలు తక్కువేం కాదు, వాడుకోవడం తెలిస్తే. వాళ్లను "మీకు తెలిసిందంతా రాసివ్వండి" అని అడగకండి. ఎక్కడ మొదలుపెట్టాలో వాళ్లకే తెలియదు. ముందు మూడు వారాలు ఒక చిన్న రిజిస్టర్ పెట్టి, వాళ్ల దగ్గరికి ఎవరు ఏ ప్రశ్నతో వచ్చారో, ఎవరు ఫోన్ చేశారో రోజూ రాయించండి. రాసేది వాళ్లు కాకుండా పక్కనున్న జూనియర్ అయితే మంచిది. వాళ్లు వెళ్లాక ఏ ఖాళీ ఏర్పడుతుందో ఆ రిజిస్టరే చెప్తుంది. నా లెక్కలో అందులో సగానికి పైగా ప్రశ్నలు ఇప్పటికే ఎక్కడో రాసి ఉన్నవే అయి ఉంటాయి, వాటికి దారి చూపితే చాలు. మిగిలిన వాటిలో తప్పితే నష్టం ఎక్కువగా ఉండే వాటిని ఎంచుకోండి. ఇరవై కంటే ఎక్కువ వద్దు.

ఆ ఇరవై ఒక్కొక్కటీ కథగా చెప్పించండి. "ఇది చివరిసారి ఎప్పుడు జరిగింది? మీరు వెళ్లేసరికి ఏం కనపడింది? ముందు ఏమనుకున్నారు? ఏది చూసి మనసు మార్చుకున్నారు? కొత్తవాళ్లైతే ఇక్కడ ఏం తప్పు చేసేవారు?" ఇలా అడిగితే వాళ్లకు తెలియకుండానే లోపలున్నది బయటికొస్తుంది. వీలైతే యంత్రం పక్కనే నిలబడి అడగండి, ఆఫీసు గదిలో గుర్తురానివి అక్కడ గుర్తొస్తాయి. విన్న జూనియర్ తన మాటల్లో రాసి, సీనియర్‌కు చదివి వినిపించాలి. తప్పు అర్థం చేసుకున్న చోట్లు అప్పుడే దొరుకుతాయి. నాకు అన్నిటికంటే విలువైన వివరాలు దొరికింది ఆ సరిదిద్దడంలోనే.

మూడో నెల నుంచి చేతులు మారాలి. పని జూనియర్ చేయాలి, సీనియర్ పక్కన నిలబడాలి, ప్రమాదం ఉంటే తప్ప చెయ్యి పెట్టకూడదు. ఇది సీనియర్లకు చాలా కష్టం, ముందే మాట్లాడి ఒప్పించుకోవాలి. ఐదో నెలలో ఒక వారం వాళ్లను సెలవు మీద పంపి, ఫోన్ కూడా చేయకుండా నడిపి చూడండి. ఆ వారంలో ఆగిపోయినవి రాసుకుంటే చివరి నెల పని తేలుతుంది. ఇంకో మాట: ఆ ఇద్దరికీ ఈ ఆరు నెలలు రోజువారీ పని తగ్గించి, నేర్పడమే వాళ్ల పని అని ఉత్తర్వులోనే రాయించండి. పాత పనంతా నెత్తిన ఉంచి, ఖాళీ దొరికినప్పుడు నేర్పమంటే జరగదు. రిటైరైన తర్వాత కొన్ని నెలలు వారానికి ఇన్ని గంటలని గౌరవంగా డబ్బిచ్చి సలహా తీసుకునే ఏర్పాటు కూడా ఇప్పుడే చేసుకోండి. ఊరికే ఫోన్ చేసి అడుగుదాంలే అనుకుంటే రెండు నెలలకు అడగడానికి మొహమాటం వస్తుంది.

ఫలితం ఎలా కొలవాలని చివర్లో అడిగారు. డాక్యుమెంట్ల సంఖ్య వదిలేయండి. మూడు చూడండి: అదే యంత్రం అదే కారణంతో మళ్లీ ఆగిన సందర్భాలు, కొత్తగా చేరిన మనిషి ఒంటరిగా షిఫ్ట్ నడపడానికి పట్టిన రోజులు, ఒక విభాగం నుంచి మరో విభాగానికి వెళ్లిన ప్రశ్నలు. మూడోది మొదట్లో పెరగాలి. పెరిగితే "ఇన్ని సందేహాలేంటి" అని మీ పైవాళ్లు కంగారుపడతారు, వాళ్లకు ముందే చెప్పి ఉంచండి. నెలకు పది డాక్యుమెంట్ల ఉత్తర్వు ఈ వారమే వెనక్కి తీసుకుని, ఆ మిగిలిన గంటలను మీ ఇద్దరు సీనియర్ల పక్కన నిలబడే జూనియర్లకు ఇప్పించండి.